వెనక గదికి లైను

ఒకే ఇల్లు, అయినా మొగుడూ పెళ్ళాం ఫోన్లో మాట్లాడుకోవాల్సొచ్చింది. అతను ముందు గదిలో ప్లగ్గు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమె వంటిల్లూ పెరడూ దాటి వెనక గదిలో ఉంది. ముందు గదిలో ఓ పక్కన తాళం పడిన తలుపొకటి ఉంది. అద్దెకిచ్చిన ఇంటాయన ఇంటిని రెండు వాటాలు చేసినప్పుడు వేసిన తాళం అది. దాని అవతల దర్జీ పిన్నిగారి మిషను. అతని భార్య ఇంట్లో కూర్చుని చేసే ఫోను ఉద్యోగం నిలవాలంటే రేపటికల్లా వెనక గదికి నెట్ అందాలి. అతని ఉద్యోగం ఏనాడో పోయింది గనక ఇంటికి మిగిలింది ఆ ఒక్కటే. అందుకని మొన్న ప్లగ్గుల్లో గుచ్చే నెట్ డబ్బాలు రెండు కొనుక్కొచ్చాడు, ఒకటి ముందు గదికి, ఒకటి వెనక గదికి.

"వచ్చిందా?"

"ఏంటండీ?"

"ఏంటండీ ఏంటి! లైటు! డబ్బా మీద పచ్చ లైటు వచ్చిందా?"

"మూడు లైట్లున్నాయి. ఒకటి వెలుగుతోంది."

"ఏది? పైదా, నడిమిదా?"

"పైది."

"పైది వెలిగితే ఏం లాభం? అది కరెంటుందని చెప్పే లైటు. నడిమిది వెలగాలి."

"నడిమిది చచ్చి పడుంది."

"ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గాని పెట్టావా?"

"లేదండీ బాబూ. గోడకే గుచ్చాను. పొద్దుట్నుంచి గోడకే, గోడకే అని చెవి కోసిన మేకలా అరుస్తున్నారుగా. ఇంక నిద్రలో లేపినా గోడకే గుచ్చుతాను."

"మరెందుకు రాదు? వంటింట్లో పెడితే వచ్చింది. పడగ్గదిలో వచ్చింది. ఆఖరికి గీజరు ప్లగ్గులో కూడా వచ్చింది!"

"పోనీ వంటింట్లోనే కూర్చుని చేసుకుంటానులెండి."

"కుక్కరు కూతల మధ్యనా? తలుపున్న గది కావాలన్నారుగా మీ ఆఫీసువాళ్ళు."

"అన్నారులెండి. వాళ్ళు చాలా అంటారు."

"అలా తీసిపారేస్తావేంటి? నీ ఫోన్లో మిషను చప్పుడు వినిపిస్తోందని ముందు గదిలోంచి నిన్ను లేపిందెవరు? వాళ్ళు. వెనక గదిలోకి పోతే వైఫై అందక, ఫోన్ చేసిన కస్టమరు వాషింగ్ మెషీన్ చెడిపోయిందని చెప్పుకుంటుండగానే లైను తెగి, ఇంకొక్కసారి తెగితే అంతే సంగతులని గదమాయించిందెవరు?"

"వాళ్ళే."

"లైను బాగు చేసుకునేదాకా పని ఇచ్చేది లేదని కూర్చోబెట్టిందెవరు?"

"వాళ్ళేనండీ. ఎన్నిసార్లు చెప్పిస్తారు నాచేత?"

"సరే, సరే. కోప్పడకు."

"అసలు ఇంటాయన్నే ఓసారి అడిగితే పోలా? పెరట్లోంచి తీగ లాక్కోనిస్తారేమో."

"వద్దు."

"అడిగితే తప్పేముంది?"

"వద్దన్నానా! గోడకి మేకు దిగితే తన ఒంట్లో దిగినట్టు అరిచే మనిషి. ఆయనకి ఫోన్ చెయ్యకు. అసలాయనతో మాట్లాడనే మాట్లాడకు."

"ఏం, గొడవ పడ్డారా?"

"గొడవా లేదు, ఏం లేదు. ఈ డబ్బాలుండగా ఆయనెందుకు? గోడలో ఎలాగూ కరెంటు తీగుంది. నెట్ కూడా అందులోంచే పోతుంది. ఇక్కడో డబ్బా గుచ్చితే ఎక్కుతుంది, అక్కడో డబ్బా గుచ్చితే దిగుతుంది. బస్సెక్కి దిగినట్టు."

"మరి మా స్టాపులో ఆగట్లేదే బస్సు."

"నవ్వుతున్నావా?"

"నవ్వక ఏం చెయ్యమంటారు? పొద్దున్నే ఆ నడక తప్ప మంచం దిగనివారు, ఇన్నాళ్ళకి ఓ పనికి దిగారు. గడ్డం గీసుకున్నారు. వచ్చినా రాకపోయినా నాకదే పదివేలు."

"నా గడ్డం తగలెయ్య. రాకపోతే ఎలా? రేపు లైను పరీక్ష ఎన్నింటికన్నావు?"

"పొద్దున... తొమ్మిదికి."

"నిన్న పదన్నావు."

"తొమ్మిదో, పదో. వాళ్ళే పిలుస్తారు."

"సాయంత్రం దాకా లైను తెగకుండా ఉండాలి. ఉంటే నిన్ను ఉంచుతారు. అంతేగా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి? నోరు తెరిచి చెప్పు."

"ఉంచుతారు. చెప్పాగా. ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి ముందు."

"ఒక పని చేద్దాం. నీ గదిలో ఫ్యాను వేసుంచు. నేనిక్కడ మెయిన్ ఆపుతాను."

"ఎందుకూ?"

"ఆ గదికి తీగ ఎట్నుంచొస్తోందో తేలాలి. ఆపుతున్నా. ఆఁ, ఆపాను. ఇక్కడంతా పోయింది. ఫ్రిజ్ కూడా ఆగిపోయింది."

"ఫ్యాను తిరుగుతోందండీ."

"ఆపగానే ఆగుతుందా? కాసేపు తిరుగుతుంది."

"కాసేపు కాదు, గిరగిరా తిరుగుతోంది. లైటు వేస్తే లైటూ వెలిగింది."

"మెయిన్ ఆపితే ఎలా వెలుగుతుందోయ్!"

"నన్నడుగుతారేంటి? నేను కట్టానా ఇల్లు?"

"ఉండు, ఉండు. ఫోను పెట్టెయ్యకు, స్పీకర్లో పెడుతున్నా. పిన్నిగారూ! ఓ పిన్నిగారూ!"

"ఏంటబ్బాయ్, తలుపు పగలగొట్టేట్టున్నావు?"

"మీ మెయిన్ ఒక్క నిమిషం ఆపుతారా?"

"స్కూలు చొక్కాల మీదున్నాను నాయనా. కాలరు సగంలో ఉంది."

"ఒక్క నిమిషమే. మీకు పుణ్యముంటుంది."

"నా పుణ్యానికేంలే, పాసిపోతోంది. ఇదిగో ఆపాను. తొందరగా కానీ, ఉడికిపోతున్నాను."

"ఏమోయ్, ఫ్యాను?"

"ఆగిపోయిందండీ! లైటూ పోయింది!"

"దొరికింది! పిన్నిగారూ, మా వెనక గది మీ మీటరు మీదుంది!"

"నా మీటరు మీదా?"

"ఇల్లు రెండు ముక్కలు చేసినప్పుడు గది మాకిచ్చాడు, తీగ మీకుంచేశాడు. తలుపుకి తాళమేశాడు గానీ లోపల తీగ మార్చలేదు మహానుభావుడు."

"అంటే ఇన్నేళ్ళూ మీ ఆవిడకి విసనకర్ర విసురుతోంది నేనన్నమాట! చూశావా తల్లీ, వినపడుతోందా?"

"వినపడుతోంది పిన్నిగారూ! ఆ చెయ్యి కాస్త నొక్కమంటారా?"

"చెయ్యి కాదు, నడుం నొక్కు. సరే, వేసుకోనా కరెంటు?"

"వేసుకోండి. ఏమోయ్, నువ్వు ఫోన్ పెట్టేసి అక్కడే కూర్చో. ఆ లైటు మీదే కన్నేసి ఉంచు."

"నేనూ వస్తానుండండి. సాయం పడతాను."

"వద్దొద్దు. నువ్విక్కడికి రాకు. లైటు రాగానే ఫోన్ చెయ్యి."

ఫోను పెట్టేశాక అతను మెయిన్ మళ్ళీ వేసి, తలుపు కింద సందులోంచి నెట్ తీగ దూర్చి, తన దగ్గరున్న డబ్బాని వరండా కిటికీలోంచి అవతలికి అందించాడు.

"ఈ డబ్బాకి తీగ తగిలించి, గోడ ప్లగ్గులో గుచ్చండి పిన్నిగారూ. మిషను పక్కన ఖాళీగా ఉంటుందే, దాంట్లో."

"గుచ్చాను. ఏదో మిణుకు మిణుకుమంటోంది. అబ్బాయ్..."

"ఆఁ."

"మీ ఆవిడకి చెప్పావా?"

"ఏంటి?"

"ఏంటంటే ఏం చెప్పను? ఇంటి సంగతి. ఇంటాయన మనిద్దర్నీ వరండాలో నిలబెట్టి చెప్పాడు కదా, పడగొట్టి మేడ లేపుతాను, నెలాఖరుకి ఖాళీ చెయ్యండని."

"మెల్లిగా, పిన్నిగారూ."

"చెప్పలేదన్నమాట."

"చెప్తాను. రేపు గట్టెక్కనివ్వండి."

"ఎప్పుడు సర్దుకుంటుందయ్యా? గిన్నెలూ చెంబులూ చుట్టుకోవాలా? ఇల్లు వెతుక్కోవాలా?"

"నేను వెతకట్లేదనుకున్నారా? పొద్దున్నే నడకకని చెప్పి వెళ్ళి ఎక్కని గుమ్మం లేదు. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, ఏం చేస్తుంటారు అని. ఏం చేస్తున్నానని చెప్పను? ప్రెస్సులో అచ్చు యంత్రం నడిపేవాణ్ణి, ప్రెస్సు మూతబడింది అంటాను. మేం ఆలోచించి చెప్తాం అంటారు. మళ్ళీ ఎవరూ చెప్పరు."

"దాని ఉద్యోగం ఉందిగా, అది చెప్పరాదూ?"

"ఇవాళుంది, రేపేమో తెలీదు. అలాంటప్పుడు ఏ మొహంతో చెప్పను? రేపు లైను నిలబడితే మా ఆవిడ కంపెనీలో చేస్తోందండీ అని తలెత్తి చెప్తా. ఆ ఒక్క ముక్క మీద ఇల్లు దొరుకుతుంది. అందుకే ముందు ఇది కావాలి."

"పడగొట్టే ఇంటికి నెట్ పెట్టిస్తున్నావా నాయనా?"

"ఇంటికి కాదు పిన్నిగారూ. రేపటికి."

"ఏమోనయ్యా. నా మట్టుకు నేను మా చెల్లెలింటికి పోతున్నాను. మంచానికి చోటిస్తానంది. మిషనుకి చోటు లేదంది."

"మరి మిషను?"

"చూడాలి. ఈ స్కూలు చొక్కాలైతే అయిపోనీ. ఇంక నా చేతిలో ఉన్న పని ఇదే. అదిగో, నీ ఫోను మోగుతోంది."

"ఆఁ, చెప్పు!"

"ఏమండీ! వచ్చింది! నడిమిది! పచ్చగా!"

"వచ్చిందా? నిజంగా? ఒట్టు?"

"ఒట్టండీ! నేనూ వస్తుందనుకోలేదు."

"అనుకోకపోవడమేంటి? నేను చెప్పలా? చెప్పలా నేను? ఇప్పుడు నీ ఆఫీసుది తెరిచి చూడు."

"అదా... ఇవాళ వాళ్ళ సిస్టం పని చెయ్యదట."

"నిన్నా అదే అన్నావు."

"నిన్నట్నుంచీ అంతే."

"అయితే మీ మేడంకి ఫోన్ చేసి చెప్పు, మా లైను బాగైంది, కావలిస్తే ఇప్పుడే చూసుకోండని."

"ఆవిడ సెలవులో ఉన్నారు."

"ఎప్పుడూ సెలవేనా ఆవిడకి?"

"పెద్దవాళ్ళు, వాళ్ళకేం? ఏదో వీడియో పెట్టి చూస్తానుండండి. ఆఁ, వస్తోంది. ఎవరో పిల్లికి స్నానం చేయిస్తున్నారు."

"ఆగి ఆగి వస్తోందా?"

"లేదండీ, నీళ్ళలా వస్తోంది. పిల్లి మాత్రం ఒకటే గోల. అయ్యో, ఆగింది."

"గోలా?"

"వీడియో. లైటు పోయిందండీ."

"ఇప్పుడేగా వచ్చింది! నువ్వేం ముట్టుకున్నావు?"

"నేనేం ముట్టుకోలేదు. చేతులు కట్టుకు కూర్చున్నాను. మీ వైపే ఏదో మోతగా ఉంది."

"పిన్నిగారు మిషను మొదలెట్టారంతే. ఆగాగు. పిన్నిగారూ, మిషను ఆపండోసారి!"

"మళ్ళీనా?"

"లైటొచ్చిందండీ!"

"మళ్ళీ నడపండి పిన్నిగారూ!"

"నడిపాను."

"పోయిందండీ."

"ఆపండి!"

"వచ్చింది."

"ఓరి దేవుడా."

ఆమె ఫోను పెట్టేసి, పెరడు దాటి ముందు గదిలోకి వచ్చేసింది.

"ఏమైందండీ? అలా కూలబడిపోయారేం?"

"మిషను మోటారు. అది తిరిగినప్పుడల్లా తీగలోకి చెత్తంతా వదులుతోంది. సంతలో గుసగుసలాడితే వినపడుతుందా? మన నెట్ పనీ అంతే."

"పాత మోటారు నాయనా. తీసేసి కాలితో తొక్కుదామంటే, మోకాళ్ళు అరిగాకే కదా అది పెట్టించుకుంది."

"పిన్నిగారూ, అడగడానికి నోరు రావట్లేదు. రేపు ఒక్క రోజు..."

"వద్దండీ! పిన్నిగారూ, మీరేం ఆపక్కర్లేదు."

"ఉండమ్మా, వాణ్ణి చెప్పనీ. ఎంతసేపబ్బాయ్?"

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా."

"ఓస్, అంతేనా? ఆపుతాను."

"అంతేనా అంటారేంటి? రేపు సాయంత్రానికి చొక్కాలు చేరకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తామన్నారు స్కూలువాళ్ళు. ఆ బొత్తాలన్నీ కుట్టింది నేను. నాకు తెలీదనుకున్నారా?"

"రాత్రికి కూర్చుంటానులే."

"రాత్రి మీకు సూదిలో దారం ఎక్కదు."

"నువ్వెక్కించవూ? ఎక్కించవా ఏం? పిన్నిగారూ పిన్నిగారూ అని తిరుగుతావు, ఆ మాత్రం చెయ్యవా?"

"అది కాదు పిన్నిగారూ..."

"ఏది కాదు? ఆవిడే ఒప్పుకుంటుంటే మధ్యలో నీ అడ్డమేంటి? నీ ఉద్యోగం నీకక్కర్లేదా?"

"అక్కర్లేదని అన్నానా?"

"మరి?"

"ఇంకొకరి పొట్ట కొట్టి నేను... వద్దండీ. ఈ డబ్బాలు తీసేద్దాం. వదిలెయ్యండి. నా మాట వినండి, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి."

"ఎలా వదిలెయ్యను? ఇంత దూరమొచ్చి, లైటు కళ్ళారా చూసి, ఎలా వదిలెయ్యమంటావే!"

"అరవకబ్బాయ్. దానికి సంగతి తెలీక అలా అంటోంది. చెప్పు, చెబితే అదే వింటుంది."

"ఏం సంగతి?"

"ఏం లేదు."

"పిన్నిగారూ, ఏం సంగతి?"

"నేను చెప్పకూడదమ్మా. మీ ఆయన్నడుగు."

"ఏమండీ?"

"రేపు రాత్రి చెబుదామనుకున్నాను. పరీక్ష అయ్యాక."

"ఇప్పుడు చెప్పండి."

"ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు."

"ఎప్పటికి?"

"నెలాఖరుకి."

"ఏ నెలాఖరుకి?"

"ఈ నెలాఖరుకే. ఇల్లు పడగొట్టేస్తాడట."

"అందుకా ఆయనకి ఫోన్ చెయ్యొద్దన్నారు?"

"అందుకే."

"పొద్దున్నే నడకలూ..."

"ఇళ్ళ కోసమే."

"ఒక్కరే తిరిగారా? ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని, పైకి నవ్వుతూ, నాతో ఒక్క మాట..."

"ఏడవకు. ఇదిగో, ఇందుకే చెప్పలేదు. ఏడవకంటే వినవే? ఇల్లు పోతే పోయింది. నీ ఉద్యోగముంది. అదుంటే చాలు. మనకేం మేడలు కావాలా? రెండు గదులు. ఈ డబ్బాలు జేబులో వేసుకుపోదాం. ఏ ఇంట్లోనైనా గోడలో తీగుంటుంది."

"అలా అనకండి."

"ఎందుకనకూడదు? నిజం చెప్పనా? నాకు భయం వేస్తోంది. ఒళ్ళంతా భయమే. రాత్రిళ్ళు కళ్ళు మూతపడవు. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా మనిషి? నీ ఉద్యోగాన్ని పట్టుకున్నాను. నేనెలాగూ పనికిరాకుండా పోయాను. నువ్వున్నావు, నీ పనుంది అనుకుంటే కాస్త కన్నంటుకుంటోంది."

"దణ్ణం పెడతాను, అలా అనకండి. నేను మీకొకటి... నేనసలు..."

"నువ్వేం చెప్పక్కర్లేదు. రేపు తలుపేసుకుని కూర్చో, అంతే. గుమ్మం దగ్గర నేనుంటాను. చీమని కూడా దగ్గనివ్వను. పిన్నిగారూ, రేపు ఎనిమిదిన్నరకల్లా ఆపేస్తే చాలండీ."

"ఎనిమిదిన్నరేంటి? రేపసలు మిషను మొహమే చూడను. రాత్రి కూర్చున్నా ఎలాగూ అన్నీ తెమలవు, ఆ స్కూలాయనకి కూడా చెప్పేస్తున్నాను, మాట నాన్చడమెందుకు? రింగవుతోంది. చొక్కాలు నావల్ల కావు బాబూ, గుడ్డ తీసుకుపోయి ఇంకెవరికైనా ఇచ్చుకోండని చెప్పేస్తాను."

"పిన్నిగారూ, ఆ ఫోన్ పెట్టెయ్యండి."

"ఏమ్మా?"

"పెట్టెయ్యండి! వాళ్ళకేం చెప్పకండి. మిషను ఆపకండి, మీ చొక్కాలు మీరు కుట్టుకోండి. రేపు నాకు పరీక్షా లేదు, పాడూ లేదు. ఈయన ఆ డబ్బాలు పట్టుకుని, గడ్డం గీసుకుని, నవ్వుతూ గుమ్మమెక్కారే, ఆ రోజు పొద్దున్నే నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు."